నల్ల కవచం, బూడిద పౌరుషం

ఇప్పుడు ప్రతి చిన్న కారుకీ అడవికి పోవాలని ఉంది. పోదు. పిల్లల్ని ట్యూషన్లో దింపి, కూరగాయలు తెచ్చి ఇంటికొస్తుంది. అయినా చక్రాల చుట్టూ, తలుపుల కింద, బంపరు అంచున బెత్తెడు నల్ల ప్లాస్టిక్ తొడుక్కుని తిరుగుతుంది. దాని పేరు క్లాడింగ్. రాళ్ళెగిరి తగిలితే బండి రంగు గీసుకుపోకుండా కాపలా అట. మన కాలనీలో ఎగిరే రాళ్ళేమిటని అడక్కండి. రంగు వేసిన ప్లాస్టిక్ కన్నా వెయ్యనిది చవక. మిగిలిన ఖర్చుకి కంపెనీ 'రగ్గడ్ లుక్' అని నామకరణం చేసింది. ఆ పేరుకి మనం పైన డబ్బు కట్టాం.

కొన్ని వేసవులు చాలు, పౌరుషం బూడిదవడానికి. రోహిణి కార్తెలో రోళ్ళే పగులుతాయంటారు, క్లాడింగ్‌లోని పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ ఏపాటిది? దాన్ని 1954లో స్ఫటికరూపంలో సాధించిన ఇటలీ శాస్త్రవేత్త జూలియో నట్టాకి 1963లో నోబెల్ కూడా ఇచ్చారు. పాపం, రెంటచింతల ఎండలో పార్కింగు సంగతి ఆయన్నెవరూ అడిగినట్టు లేరు. అతినీలలోహిత కిరణాలూ గాలిలోని ఆక్సిజనూ కలిసి పైపొరలోని పొడవాటి అణువుల గొలుసులను తెంచేస్తాయి. కంటికి ఆనని బీటలు పడతాయి. వాటి మీద వెలుగు చెదిరి, నలుపు కాస్తా బూడిదరంగై కనిపిస్తుంది. దానికి తోడు బాడీకి పూసిన వ్యాక్స్ గరుకు గీతల్లో ఇరుక్కుని తెల్లగా ఎండుతుంది.

ఇక వైద్యులు దిగుతారు. ఒకాయన కొబ్బరినూనె పూస్తాడు. ఒకాయన వాడేసిన ఇంజన్ ఆయిల్. ఇంకొకాయన బూటు పాలిష్. కుర్రాడొకడు వీడియో చూసి హీట్ గన్ తెస్తాడు. వేడికి నలుపు తేలే మాట నిజమే, చెయ్యి ఒకేచోట కాసేపు ఆగితే బంపరు వేయించిన అప్పడమయ్యే మాటా నిజమే. తేలిన ఆ నలుపు కూడా చిన్నాళ్ళ ముచ్చటే.

వీళ్ళందరికన్నా తెలివైనవాడు వాటర్ సర్వీసింగ్ షెడ్డు వాడు. డాష్‌బోర్డుకి కొట్టే సిలికాన్ పాలిష్‌నే బయటి ప్లాస్టిక్కీ కొట్టి, "కొత్త బండి సార్!" అంటాడు. సార్ ఉబ్బిపోతాడు. ఆ జిడ్డు దారిలో దుమ్మునంతా పిలిచి కూర్చోబెట్టుకుంటుంది. గట్టి వాన పడితే అద్దం కింది నుంచి తలుపు మీదికి చారికలు కడుతుంది. సార్ మళ్ళీ షెడ్డుకెళతాడు.

నిలిచే పద్ధతి లేక కాదు. అందులో పనుంది, అదీ దాని లోపం. క్లీనరు పోసి, బ్రష్షుతో గీతల్లోని పాత జిడ్డంతా తీయాలి. ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పక్కనున్న రంగుకి మాస్కింగ్ టేపు వేసి, నీడలో సెరామిక్ ట్రిమ్ కోటింగ్ పలచగా పట్టించి, ఒక రోజు తడి తగలనివ్వకూడదు. మంచి రకమైతే ఏడాది పైనే ఉంటుంది. పూయించుకున్నాక కూడా బండిని నీడన పెట్టుకుంటే మరీ మంచిది.

నీడా? అపార్టుమెంటు సెల్లారులో మన చోటు పాత సోఫాకీ, పాడైన ఫ్రిజ్జుకీ ఇచ్చేశాం. వీధిలో ఉన్న ఒక్క వేపచెట్టునీ, బానెట్ మీద ఆకులు రాలుస్తోందని మొన్ననే కొట్టించాం. ఆ కూలిడబ్బులకి కోటింగ్ సీసా వచ్చేది.