బీచుపల్లిలో కూర్చుని లోకమంతటికీ దొరికిపోవడం ఎలా?

మీరు కృష్ణ ఒడ్డున బీచుపల్లి ఘాట్ మెట్ల మీద లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, ఒక వెబ్‌సైటులో ఆంజనేయస్వామి గుడి వేళలు వెతుకుతున్నారనుకుందాం. ఎక్కడా పేరు చెప్పలేదు, లాగిన్ కాలేదు. అయినా రేపు ఇదే వెబ్‌సైటు మిమ్మల్ని గుర్తుపట్టాలి. ఎలా?

ముందు ఫాంట్ల సంగతి చూడండి. పోతన, వేమన, మండలి, రామభద్ర... దొరికినవన్నీ ఎక్కించండి. వెబ్‌సైటు ఒక్కో ఫాంటులో అక్షరాలు పేర్చి, వెడల్పు కొలిచి, మీ దగ్గర ఏవున్నాయో పసిగడుతుంది. అంత తెలుగు అభిమానం ఎందరికుంటుంది చెప్పండి! బ్రౌజర్ భాషల్లో తెలుగు, దాని వెనక ఉర్దూ, రాయచూరు చుట్టాల కోసం కన్నడం పెట్టండి. ఆ వరుస కూడా సైట్లకు అందే వీలుంది. తెర కొలత, టైమ్‌జోన్ ఎలాగూ చేరతాయి. ఇక కనిపించకుండా ఒక బొమ్మ గీయమని సైటు మీ బ్రౌజర్‌ను అడుగుతుంది. మీ గ్రాఫిక్స్ కార్డు, డ్రైవరును బట్టి దాని చుక్కల్లో సన్నని తేడాలు వస్తాయి. అడ్డుపడకండి. ఇవన్నీ కలిపితేనే మీ బ్రౌజర్ వేలిముద్ర.

తర్వాత కుకీలన్నీ చెరిపేసి, ఇన్‌కాగ్నిటో తెరిచి, నిశ్చింతగా ఉండండి. వేలిముద్ర కుకీల్లో ఉండదు కదా! 2010లో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ దాదాపు 4.7 లక్షల బ్రౌజర్లను పరీక్షిస్తే, 83.6 శాతానికి జోడీయే లేదు. పరీక్షకు వచ్చినవాళ్లలో గోప్యత పట్టింపు ఉన్నవాళ్లే ఎక్కువ కావడం అసలు విశేషం.

ఇంకా భయమైతే మారువేషం ఎక్స్‌టెన్షన్ వేయండి. లాప్‌టాప్ తెర అంతే వెడల్పుగా ఉంటుంది, బ్రౌజరు మాత్రం ‘నేను ఐఫోన్’ అంటుంది. 2016 కృష్ణా పుష్కరాల్లో ఎవరూ గుర్తుపట్టకూడదని హెల్మెట్ పెట్టుకుని మునిగినట్టు.

అందరిలో ఒకరిగా కలిసిపోదామనుకునే నిరుత్సాహపరులూ ఉంటారు. వాళ్లు టోర్ బ్రౌజర్ వాడతారు. అది తన వాడకందారులందరినీ ఒకేలా చూపించాలని చూస్తుంది. దాని లెక్కలో బీచుపల్లిలో కూడా టైము ఐదున్నర గంటలు వెనక్కి పోతుంది. బ్రేవ్ బ్రౌజర్ అయితే ఆ బొమ్మలో కొన్ని చుక్కలు మార్చి ఇస్తుంది. సఫారీ మీరు ఎక్కించిన ఫాంట్ల ఊసే ఎత్తదు. అలాంటివాటి జోలికి పోకండి.

పెద్దల అండ కూడా మీకుంది. 2019లో ఈ వేలిముద్రల పద్ధతి తప్పన్న గూగులే 2025 ఫిబ్రవరి నుంచి ప్రకటనదారులకు తలుపు తీసింది. బ్రిటన్ సమాచార కమిషనర్ కార్యాలయం బాధ్యతారాహిత్యమని మందలించింది, అంతే. మన దగ్గరేమో 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలతో గోప్యత ప్రాథమిక హక్కేనంది. 2023లో డేటా రక్షణ చట్టమూ వచ్చింది. మీరు మాత్రం ‘అంగీకరిస్తున్నాను’ నొక్కుతూ ఉండండి.

ఇంత శ్రమ ఎందుకనుకుంటే దగ్గరి దారి ఉంది. ఏదో ఒక లక్కీడ్రా ఫారంలో పేరు, ఫోన్ నంబరు నింపండి. వేలిముద్ర పక్కన అవి వాళ్లే రాసుకుంటారు.