కుర్చీ ఊళ్లో, పెత్తనం పైన

మా రోజుల్లో వీధి కుళాయికి నీళ్లు ఆగిపోతే పంచాయతీ ప్రెసిడెంటు ఇంటి గుమ్మం ఎక్కేవాళ్లం. ఆయన మా ఓటుతో గెలిచినవాడు. మేం నాలుగు మాటలంటే పడేవాడు, ఆయన రెండంటే మేమూ పడేవాళ్లం. సాయంత్రంలోగా ఎవరో ఒకరు రెంచీ పట్టుకుని వచ్చేవారు. ఇప్పుడు అదే కుళాయికి వార్డు సచివాలయంలో అర్జీ ఇవ్వాలి. అక్కణ్నుంచి మున్సిపల్ ఆఫీసుకి పొమ్మంటారు. అక్కడ రెండు రోజులు తిప్పి, ఆఖరికి గొంతు తగ్గించి, "ఎమ్మెల్యే గారి మనుషుల చేత ఓ మాట చెప్పించండి" అంటారు. నర్సీపట్నం పంచాయతీ మున్సిపాలిటీ అయింది, మేడలు లేచాయి, అబీద్ సెంటర్లో రోడ్డు దాటడమే గగనమైపోయింది. ఊరికి పెద్ద దిక్కు ఎవరంటే మాత్రం చెప్పలేకపోతున్నాం.

పంచాయతీ ఉన్నప్పుడు ప్రెసిడెంటుని మేమే నేరుగా ఎన్నుకున్నాం. మున్సిపాలిటీ అయ్యాక 2014లోనూ, 2021లోనూ ఓట్లేశాం కానీ, అవి వార్డు కౌన్సిలర్లకి. చైర్‌పర్సన్‌ని ఆ కౌన్సిలర్లు ఎన్నుకుంటారు. ఆ ఓటింగులో ఎమ్మెల్యేకీ, ఎంపీకీ కూడా ఓటుంటుంది. హోదా పెరిగిందని సంబరపడ్డాం, చేతిలో ఉన్న ఓటు జారిపోయిందని తర్వాత తెలిసింది. మన రాష్ట్రంలోనే ఒకప్పుడు మేయర్లనీ, చైర్మన్లనీ జనమే నేరుగా ఎన్నుకున్నారు. ఆ పద్ధతి ఎందుకు తీసేశారో నాకు ఇంతవరకు ఒక్కరూ సరిగ్గా చెప్పలేదు.

నర్సీపట్నం రాజకీయం అంటే చింతకాయల అయ్యన్నపాత్రుడి పేరు రాకుండా ఉండదు. 1983లో ఎన్టీ రామారావు గారు కొత్త కుర్రాళ్లకి టిక్కెట్లిచ్చినప్పుడు ఈయనకి నిండా పాతికేళ్లు. తాలూకా ఆఫీసు చుట్టూ తిరిగి, కరణం, మునసబుల ముందు చేతులు కట్టుకుని బతికిన ఊరు మాది. అలాంటి ఊళ్లో మా పిల్లల ఈడువాడు ఎమ్మెల్యే అయ్యాడంటే మేం పొంగిపోయిన మాట నిజం. మరుసటి ఏడాది కరణాలు పోయారు, ఆ మరుసటి ఏడు తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. ఈయన మాత్రం నిలబడ్డాడు. ఇక్కణ్నుంచి ఏడుసార్లు అసెంబ్లీకి గెలిచాడు. 1996లో అనకాపల్లి నుంచి పార్లమెంటుకీ వెళ్లాడు. రామారావు గారి దగ్గరా, చంద్రబాబు దగ్గరా మంత్రిగా చేశాడు. 2014లో పంచాయతీరాజ్ చూశాడు, 2017లో రోడ్లు, భవనాలు చూశాడు. 2024 జూన్‌లో శాసనసభ స్పీకరయ్యాడు. 1989లో ఓడాడు, 2009లో ఓడాడు, 2019లో ఓడాడు. ఓడిన ప్రతిసారీ మళ్లీ ఇదే ఊళ్లో, ఇదే జనం ముందు నిలబడ్డాడు. నియోజకవర్గం మార్చుకుని పారిపోయేవాళ్లని చూస్తున్న ఈ కాలంలో దానికి నేను దండం పెడతాను.

నా బాధ ఆయన మీద కాదు. రోడ్డు పడినా, కాలువ పూడిక తీసినా ఊరు ఒక్క మనిషి గెలుపోటముల మీద ఆధారపడిపోయింది. మన మనిషి మంత్రి అయితే పనులు, కాకపోతే అయిదేళ్లు ఎదురుచూపులు. 2009 నుంచి 2014 దాకా ఈ ఊరికి దాహం వేయలేదా? 2019 నుంచి 2024 దాకా వానలు పడి రోడ్లు కోసుకుపోలేదా? చింతపల్లి నుంచి చింతపండు, పసుపు, కాఫీ గింజ దిగేది ఈ దారినే. లంబసింగి చలి చూడ్డానికి కార్లెక్కిపోయేదీ ఈ దారినే. మన్యానికి గుమ్మంలాంటి ఊరికి తన గుంత తాను పూడ్చుకునే సత్తా ఉండొద్దూ?

ఇంకా కష్టపెట్టిన సంగతి ఒకటుంది. 2022 జూన్‌లో అప్పటికి మాజీ మంత్రి అయిన అయ్యన్నపాత్రుడి ఇంటి ప్రహరీ మీదకి జేసీబీ వచ్చింది. కాలువ స్థలం ఆక్రమించారని మున్సిపాలిటీ, అనుమతి తీసుకునే కట్టుకున్నామని ఇంటివాళ్లు అన్నారు. పని ఆపమని హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఎవరిది న్యాయమో నేను తేల్చను, దానికి కోర్టులున్నాయి. కానీ మా రోజుల్లో పార్టీల పగలు ఎన్నికల మీటింగుల్లో తీరేవి. ఎదుటివాడి ఇంట్లో పెళ్లయితే అన్ని పార్టీలవాళ్లూ ఒకే బంతిలో కూర్చుని తినేవాళ్లు. ఇప్పుడు పగ తీర్చుకోవడానికి మున్సిపాలిటీని వాడుకుంటున్నారని జనం అనుకునే రోజులొచ్చాయి. ఆ అనుమానం పుట్టడమే ఊరికి అవమానం.

పూర్వం మున్సిపల్ కుర్చీకి ఎంత బరువుండేదో టంగుటూరి ప్రకాశం గారిని చూస్తే తెలుస్తుంది. పూట గడవని ఇంట్లో పుట్టి, ప్లీడరై, ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే రాజమండ్రి మున్సిపల్ చైర్మన్ అయ్యారు. బారిష్టరు చదువుకి సీమకెళ్లింది ఆ తర్వాతే. 1937లో రాజాజీ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రి, 1946లో మద్రాసు ప్రధాని (అంటే ముఖ్యమంత్రే), 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి. తెల్లదొర తుపాకీకి గుండె చూపించిన మనిషి అంతకుముందు ఒక ఊరి కాలువలు, దీపాలు, పన్నులు చూసి వచ్చాడు. ఇప్పుడెవరికీ అంత ఓపిక లేదు. చైర్మన్ పదవిని అనుచరులకి ఇచ్చే బహుమానంగా చూస్తున్నారు.

మున్సిపల్ కుర్చీల గోల మా ఊరొక్కదానిదే కాదు. కలకత్తాలో ఇంకో వింత. 2018 డిసెంబరులో ఫిర్హాద్ హకీమ్ అక్కడ మేయరయ్యారు. అప్పటికే ఆయన రాష్ట్రంలో పట్టణాభివృద్ధి మంత్రి, ఆ పదవి వదల్లేదు. కౌన్సిలర్ కానివారు కూడా మేయర్ కావచ్చని అంతకుముందే చట్టం సవరించారు. అప్పట్లో డబ్బిచ్చే మంత్రీ ఆయనే, పుచ్చుకునే మేయరూ ఆయనే. పనులు చకచకా జరుగుతాయని మెచ్చుకున్నవాళ్లున్నారు. మరి లెక్క ఎవరు ఎవర్ని అడగాలి? మన విశాఖపట్నం ఇంకో రకం. 2012లో పాలకవర్గం గడువు తీరిపోతే 2021 దాకా ఎన్నికలే పెట్టలేదు. తొమ్మిదేళ్లు అంత మహానగరాన్ని అధికార్లే నడిపారు. ఆఖరికి ఒక మేయర్‌ని ఎన్నుకుంటే, 2024లో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది, మరుసటేడు ఏప్రిల్లో అవిశ్వాసం పెట్టి ఆమెను దించారు. పైన గాలి మారితే కింద కుర్చీ కదలడం మా కాలంలోనూ ఉంది, ఇంత బాహాటంగా లేదు.

రాజ్యాంగానికి 74వ సవరణ 1993లో అమల్లోకొచ్చింది. మంచినీరు, రోడ్లు, పారిశుధ్యం, పట్టణ ప్రణాళిక సహా 18 పనులు అందులో రాసి, మున్సిపాలిటీలకి అప్పజెప్పమని రాష్ట్రాలకి వదిలేశారు. ముప్పై ఏళ్లు దాటింది. అన్ని పార్టీలూ ఏలాయి, ఎవరూ మనసారా పెత్తనం వదల్లేదు. మా ఎమ్మెల్యే ఇప్పుడు శాసనసభలోనే పెద్ద కుర్చీలో ఉన్నారు. పంచాయతీరాజ్ మంత్రిగా ఊళ్ల కష్టం దగ్గర్నుంచి చూసినవారు. చైర్మన్ని మళ్లీ జనం చేత ఎన్నిక చేయించే చట్టం ఆ సభలో చర్చకొస్తే నర్సీపట్నం ఆయన పేరు ఇంకో తరం చెప్పుకుంటుంది.

ఈసారి మా వీధికి ఓటడగడానికి వచ్చే కుర్రాళ్లని నేను కులం అడగను, జెండా రంగు అడగను. అడిగేవి మూడే: మీ వార్డుకి ఏటా ఎంత డబ్బొస్తుంది, అది ఖర్చు పెట్టాలంటే ఎవరి అనుమతి కావాలి, వాళ్లు కాదంటే నువ్వేం చేస్తావు? ఈ మూడూ తెలుసుకుని వచ్చినవాడికే మా ఇంట్లో ఓట్లు.