గట్టు దిగని జెండా

ఈమధ్య మా పెనుగొండలో వ్యవసాయ కూలీల ధర్నా అంటే వెళ్ళానండి. టెంటు, ప్లాస్టిక్ కుర్చీలు, నిలువెత్తు ఫ్లెక్సీ. ఫ్లెక్సీలో ఉన్నన్ని మొహాలు టెంటు కింద లేవు. ఉన్నవాళ్ళలో సగంమంది నా ఈడువాళ్ళే, మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పుకుంటున్నారు. 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన నాలుగు లేబర్ కోడ్‌లూ రద్దు చెయ్యాలని ఒకాయన కాగితం పట్టుకుని చదివాడు. చదవాల్సిందే, కాదనను. సిద్ధాంతం వెళ్ళే రోడ్డువార చేలల్లో దాళ్వా నాట్లేస్తున్నవాళ్ళకి ఆ సంగతి ఎవరు చెప్పారంట? వాళ్ళంతా బెంగాలీ కుర్రాళ్ళు మరి.

మా రోజుల్లో కూలీలు ధర్నాకి రావడం తర్వాత సంగతి, ముందు సంఘం వాళ్ళం మేమే పేటలోకి వెళ్ళేవాళ్ళం. పగలు చేలో ఉంటారు కాబట్టి రాత్రి, అన్నాలు తిన్నాక. పెట్రోమాక్స్ లైటు, నాజర్‌గారు నేర్పిన తోవలో ఓ బుర్రకథ, కథ మధ్యలో కూలిరేటు మాట. సుందరయ్యగారంతటి మనిషే సైకిలు తొక్కుకుంటూ తిరిగాడు, మనమెంత!

కోతలకి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తూర్పోళ్ళు దిగేవారు. మేం కూలి పెంచమంటే చాలు, ‘అయితే తూర్పోళ్ళని దింపుతా’ అనేవాడు రైతు. అందుకని వాళ్ళు పాకలు వేసుకున్న రోజే మేస్త్రీ దగ్గర కూలబడేవాళ్ళం. చుట్ట ఇచ్చి, ఊరి కష్టసుఖాలడిగి, చివర్లో అసలు మాట: మా రేటుకంటే తగ్గి దిగకండి బాబూ అని. ఒక్కోసారి ఒప్పుకునేవారు. ఒక్కోసారి, పిల్లల కడుపులు మీరు నింపుతారా అని తిట్టి పంపేవారు. మర్నాడు మళ్ళీ వెళ్ళేవాళ్ళం.

ఇప్పుడు? మా వైపు నాట్లంటే ఆడవాళ్ళ పని. దాన్ని ఈ కుర్రాళ్ళు ముఠాగా దిగి, ఎకరానికింతని గుత్తకి చేస్తున్నారు. పంపుసెట్టు షెడ్డులో పడక, పెద్ద గిన్నెలో బంగాళాదుంపల కూర, గట్టుమీద సంచిలో ఫోను పాడుతుంటే వంచిన నడుం ఎత్తకుండా నారు గుచ్చుకుంటూ పోతారు. పని పోయిన మా ఆడకూతుళ్ళకి వాళ్ళని చూస్తే ఒళ్ళుమంట. మంట న్యాయమైనదే. కాకపోతే మధ్యలో కమీషన్ తినే ఏజెంటుని వదిలేసి, బురదలో ఉన్నవాణ్ణి తిడితే ఏం లాభం?

చోద్యం చూడండి. వలస కూలీల కోసం 1979లో వచ్చిన చట్టాన్ని ఈ కోడ్‌లలోనే కలిపేశారు. ఆ దెబ్బ ఎవరికి తగిలిందో వాళ్ళే టెంటు కింద లేరు! పైగా వాళ్ళది తెభాగా ఉద్యమం పుట్టిన గడ్డ. 1946లో అక్కడ వాటాకి సాగుచేసే రైతులు పంటలో మూడింట రెండొంతులు మాదేనని నిలబడ్డారు. ఇక్కడ కౌలురైతు గుర్తింపు కార్డు కోసం తిరుగుతున్నాడు. ఇద్దర్నీ ఒక అరుగుమీద కూర్చోబెడితే ఎన్ని కబుర్లు పుట్టేవో!

అమెరికాలో కాలిఫోర్నియా ద్రాక్షతోటల్లో కూడా ఒకప్పుడు ఇదే పేచీ. ఫిలిప్పీన్ కూలీలు పని ఆపితే మెక్సికో వాళ్ళని, వాళ్ళు ఆపితే వీళ్ళని దింపేవారు యజమానులు. 1965 సెప్టెంబరులో డెలానోలో లారీ ఇట్లియాంగ్ ఫిలిప్పీన్ వాళ్ళతో సమ్మె కట్టాడు. వారం తిరిగేసరికి సీజర్ చావెజ్ మెక్సికో వాళ్ళని తీసుకుని కలిశాడు. ఏడాదికల్లా రెండు సంఘాలూ ఒకటయ్యాయి. అయిదేళ్ళు పట్టినా యజమానులు సంతకాలు పెట్టారు.

ఇదంతా మా కుర్రనాయకులకి చెబితే, ‘భాష రాదు కదండీ తాతగారూ’ అన్నారు. ఎకరం రేటు దగ్గర రూపాయి తగ్గించడానికి రైతుకి ఏ భాష వచ్చిందయ్యా? వేళ్ళు చూపించి, ఫోనులో అంకెలు నొక్కి బేరమాడుతున్నాడు కదా! పోనీ, ఒక్క కరపత్రం బెంగాలీలో రాయించి, రాత్రిపూట షెడ్డు దగ్గరికి వెళ్ళిరండన్నాను. కమిటీలో పెట్టి చూస్తామన్నారు. కమిటీ వచ్చేనెలలోనట. నాట్లు ఈ వారంతో సరి.