త్యాగధనుడు అన్స్‌బాఖ్ ప్రభువు

హోహెన్‌జొల్లెర్న్ వంశ పయోధికి పూర్ణచంద్రుడు, అన్స్‌బాఖ్, బైరాయిట్ అనే జంట సింహాసనాలకు అధీశ్వరుడు, అశ్వహృదయవేది, నటీజన కల్పవృక్షం, ఆంగ్లేయుల ఖజానాకు ఆప్తబంధువు, జర్మన్ చిన్నదొరలలో చింతామణి అయిన శ్రీశ్రీ కార్ల్ అలెగ్జాండర్ మార్‌గ్రేవు వారి గుణగణాలు వర్ణించడానికి ఆదిశేషుడి వేయి నాలుకలూ చాలవు. మాకున్నది ఒక్కటే. లోపాలుంటే పెద్దలు మన్నింతురు గాక.

ముందుగా వంశస్తుతి. తండ్రిగారైన కార్ల్ విల్‌హెల్మ్ ఫ్రీడ్రిష్ వారి శాంతగుణానికి ముగ్ధులై జనం ఆయన్ను ‘ఉగ్ర మార్‌గ్రేవు’ అని పిలుచుకున్నారు. పక్షిజాతిపై ఆ మహానుభావుడి కరుణ ఎంతటిదంటే, వేటడేగలకొక కొలువు తీర్చి, డేగలకు సేవకులను, సేవకులకు గుర్రాలను, గుర్రాలకు కాపరులను ఏర్పరచి, ఐరోపా అంతా చెప్పుకొనేలా ఆ పరివారాన్ని పోషించాడు. ప్రష్యా ఫ్రెడరిక్ మహారాజు చెల్లెలిని పెళ్లాడి, ఆ ఇల్లాలి ఏకాంతానికి భంగం కలిగించరాదన్న సున్నితభావంతో వేరొక చోట సంసారం వెలయించి, ఆ సంతానానికి ఫాల్కెన్‌హౌజెన్ బారన్లుగా కులీనత ప్రసాదించిన ధర్మజ్ఞుడు. 1757లో స్వర్గస్థుడవుతూ కుమారుడికి సింహాసనంతోపాటు ఇరవై లక్షల థాలర్లకు మించిన అప్పునూ ఆశీర్వచనంగా ఇచ్చి వెళ్లాడు.

పితృఋణం తీర్చుకోవడం కొడుకు ధర్మం. ప్రజల ఋణం సంగతి శాస్త్రకారులు ఎక్కడా చెప్పలేదు కనుక, ప్రభువు దాని జోలికి పోలేదు.

కడుపు పండలేదన్న కొరత మన ప్రభువు దంపతులకు ఉంటే ఉండవచ్చు గాని, ఆ కొరత దేశానికి తెలియనివ్వకుండా ప్రజలనే కన్నబిడ్డలుగా చూసుకున్నాడు. బిడ్డలు చేతికి అందివచ్చాక సంపాదనకు పంపడం ఏ తండ్రైనా చేసేదే. అమెరికా వలసరాజ్యాలను అణచడానికి ఆంగ్లేయ ప్రభువు మూడవ జార్జికి మనుషులు కావలసివచ్చారు. మన ప్రభువు దగ్గర మనుషులకు లోటు లేదు. 1777 మార్చిలో మైన్ నది మీద ఓక్సెన్‌ఫుర్ట్ దగ్గర, ఆ చలిరాత్రి, ఒకరినొకరు ఎడబాయలేనంత ఆప్యాయంగా, నడుం వాల్చే ప్రమాదం లేకుండా పడవల్లో సర్దుకున్న ఆ భాగ్యశాలులు, తెల్లవారేసరికి ఎందుకో అలిగి ఒడ్డుకు దూకారు. బుజ్జగింపులో భాగంగా తుపాకులు నాలుగు మాటలు మాట్లాడవలసివచ్చింది. విన్నవారిలో కొందరు మరి పెదవి విప్పలేదు. కబురందిన మరుక్షణం పరుపు విడిచి, గుర్రమెక్కి, రాత్రంతా స్వారీ చేసి వచ్చి, స్వహస్తాలతో తుపాకి ధరించి బిడ్డలందరినీ మళ్లీ పడవలెక్కించి, నది వెంట తానూ తోడు నడిచిన ఆ వాత్సల్యాన్ని ఏమని పొగడుదుం! కొలువు నడిబొడ్డునుంచి కదలకుండానే బిడ్డలను అమ్ముకున్న దొరలు ఆనాటి జర్మనీలో వేరే ఉన్నారు. వారికీ ఈయనకూ పోలికే లేదు.

మొత్తం 2,353 మందిని పంపితే, యార్క్‌టౌన్‌లో 1781 లొంగుబాటు చూసి, యుద్ధం ముగిశాక 1,183 మంది తిరిగివచ్చారు. తక్కిన 1,170 మందికి అమెరికా బాగా నచ్చింది. కొందరు ఆ నేలమీద, కొందరు ఆ నేల కింద స్థిరపడ్డారు. తండ్రిగారి అప్పులు మాత్రం నిజంగానే తరిగాయి. 1780లో ఆస్థానం పేరిట ఒక బ్యాంకు కూడా వెలసింది. సంపాదనపరులైన బిడ్డలున్న ఇంటికి ఏం తక్కువ?

ఇక శృంగార రసం. ధర్మపత్ని ఫ్రీడెరికె కరోలినెకు, ఆమె అత్తగారు అనుభవించిన ఉంటర్‌ష్వానింగెన్ కోట ప్రశాంతతనే వారసత్వంగా కల్పించాడు. అత్తాకోడళ్ల మధ్య వివక్ష చూపని ఇల్లు అది. ఇలా ఇంటి విషయం చక్కబెట్టి, ప్యారిస్ రంగస్థలం విడిచివచ్చిన మదమోజెల్ క్లెరోన్‌ను ఏళ్ల తరబడి పోషించి, ఆ నాటకానికి తెర పడకముందే ఆంగ్ల వనిత లేడీ క్రేవెన్‌కు ప్రవేశం చెప్పాడు. భర్తకు దూరమై, ఏడుగురు బిడ్డల తల్లియైన ఆ విదుషీమణి క్రిమియా మీదుగా కాన్‌స్టాంటినోపుల్ దాకా తాను చేసిన యాత్రను ఈ ప్రభువుకు లేఖలుగా రాసి అచ్చువేయించింది. లోకం ముందు ఆమె ఆయనకు సోదరి. 1791 ఫిబ్రవరిలో ప్రభువు భార్య, సెప్టెంబరులో ఆమె భర్త దేహాలు చాలించగా, దుఃఖంలో ఉన్న ఆ తోబుట్టువులు ఒకరికొకరు ఓదార్పుగా అక్టోబరు 30న లిస్బన్‌లో పెళ్లిచేసుకున్నారు.

పరాకాష్ఠ ఆపై నెల దాటాక. హరిశ్చంద్రుడు ఆలిని అమ్మి, కొడుకును అమ్మి, చివరికి తనను తానే అమ్ముకున్న అమాయకుడు. మన ప్రభువు తనను తప్ప తక్కినదంతా అమ్మగల వివేకి. డిసెంబరు 2న, తన ప్రజల కన్నీటికి అందనంత దూరాన, ఫ్రాన్సులోని బోర్డోలో, రెండు రాజ్యాలనూ ప్రష్యాకు వదులుతూ సంతకం చేశాడు. ఊళ్లు, అడవులు, గుడులు, ముసలివాళ్లు, యార్క్‌టౌన్ నుంచి తిరిగివచ్చిన కుంటివాళ్లు, అందరూ ఆ ఒక్క సంతకంలో ఇమిడిపోయారు. ప్రతిఫలాపేక్ష లేని త్యాగం దాతను గర్విష్ఠిని చేస్తుందని ఎరిగినవాడై, బతికినన్నాళ్లూ ఏడాదికి 3,00,000 గుల్డెన్ల భరణాన్ని వినమ్రంగా స్వీకరించాడు.

ఆ తరువాత హామర్‌స్మిత్‌లో థేమ్స్ ఒడ్డున సౌధం, అందులో దేవిగారి నాటకాలు. బెర్క్‌షైర్‌లోని బెన్హమ్‌లో గుర్రాల పెంపకం. గుర్రాల జాతిని బాగుచేయడంలో ఆయన చూపిన ఓర్పు అమోఘం.

1806 జనవరి 5న బెన్హమ్‌లోనే ప్రభువు కీర్తిశేషుడయ్యాడు. ఆయన వేసిన బాట పూడిపోలేదు. అదే ఏడు ప్రష్యా అన్స్‌బాఖ్‌ను వదులుకుంది, బవేరియా అందుకుంది. ప్రజలను అడిగి విసిగించే ఆచారం ఈసారి కూడా పాటించలేదు.