బొమ్మల సంత పద్యమునకు భిలాయి టీక

మూలము (ఆటవెలది)

గోడ కొలిచి ధరల గుట్టును కనిపెట్టి
బొమ్మ నడకలెల్ల పూర్తి దెలిసి
పాత జోళ్ళు తొడిగి పడిగాపులే కాచి
వలదు వలదనుటయె వాని విద్య

అవతారిక

ఢిల్లీ ఓఖ్లాలోని ఎన్‌ఎస్‌ఐసి మైదానమున, సాధారణముగా ఫిబ్రవరి తొలి దినములలో, ఇండియా ఆర్ట్ ఫెయిర్ అను బొమ్మల సంత జరుగును. 2008లో ఇది ప్రగతి మైదానమున ఇండియా ఆర్ట్ సమ్మిట్ అను పేర పుట్టినది. ఆ వారమున ఫోనెత్తని మేనల్లునిపై, భిలాయి రైల్ మిల్లులో ఇన్‌స్పెక్షన్ చేసి రిటైరైన శ్రీకాకుళపు పెద్దాయన యొకరు కోపించి, "ఇంజనీరువు కావు, డాక్టరువు కావు, ఇంతకీ నువ్వు చేసే పనేమిట్రా?" అని నిలదీసెను. "ఆర్ట్ అడ్వైజర్‌ని మామయ్యా" అని అతడు పై పద్యమును వాట్సాప్‌లో పంపెను. పద్యము వలన సందేహము రెట్టింపైనది. కనుక ఈ టీక.

ప్రతిపదార్థము

గోడ కొలిచి = కొనువారి ఇంటి గోడ పొడవును, ఎత్తును, దానిపై పడు ఎండను, బొమ్మ పట్టవలసిన లిఫ్టు తలుపును కూడ కొలిచి; ధరల గుట్టును = స్టాలులో ఎచ్చటను వ్రాయని వెలను, జీఎస్టీ, ఫ్రేము, రవాణా, బీమాలతో సహా; కనిపెట్టి = గాలరీ వారినడిగి, అదే చిత్రకారుని బొమ్మలు వేలములో పలికిన వెలలతో సరిచూచి; బొమ్మ నడకలెల్ల = చిత్రము ఎవరి చేతినుండి ఎవరి చేతికి పోయెనో ఆ దారియంతయు; పూర్తి దెలిసి = రసీదులు, పాత ప్రదర్శనల కేటలాగులు, మరమ్మతు జాడలు పరిశీలించి; పాత జోళ్ళు తొడిగి = కొత్తవి మొదటి హాలులోనే కఱచును గనుక అలవాటైనవి వేసికొని; పడిగాపులే కాచి = ఆహ్వానితులకు మాత్రమే తెరచు ప్రివ్యూ వేళకు ముందే వాకిట నిలిచి; వలదు వలదనుటయె = కొనబోవువారిని ఆపుటయే; వాని = ఆ సలహాదారుని యొక్క (ఈ వృత్తిలో స్త్రీలును పెక్కురున్నారు; పుంలింగము ఛందస్సు చేసిన నిర్బంధము); విద్య = తీసికొన్న రుసుమునకు తగిన పని.

తాత్పర్యము

సంత నాలుగు దినములే గాని, సలహాదారుని సంత వారముల ముందే మొదలగును. గాలరీలు తాము తేబోవు బొమ్మల జాబితాను పీడీఎఫ్‌గా ముందే పంపును. అతడు అందులో చాలావరకు కొట్టివేసి, మిగిలిన కొద్దింటిని కొనువారికి చూపి, మనసుపడినదానిని 'హోల్డ్'లో ఉంచుడని గాలరీకి చెప్పును. హోల్డనగా కొనుట కాదు. గడువులోగా ఔనో కాదో తేల్చుట. ఔననువారుండుటచే తలుపులు తెరచునప్పటికే కొన్ని బొమ్మలు గోడపై నుండగనే అమ్ముడైపోవును. తెరచిన తరువాత అతడు చేయునది, తెరపై చూచిన రంగు గోడపైనను అట్లే యున్నదా, అంచులు చెక్కుచెదరలేదు గదా అని సరిచూచుకొనుటయే.

విశేషములు

ఒకటి: 'బొమ్మ నడక' అనుట అతిశయోక్తి కాదు. ఎం.ఎఫ్. హుస్సేన్ 'గ్రామ్ యాత్ర'ను 1954లో వేసెను. ఆ యేడే ఢిల్లీలో పనిమీదనున్న లియోన్ ఇలియాస్ వొలొదార్‌స్కీ అను డాక్టరు దానిని కొని నార్వేకు తీసికొనిపోయెను. 1964లో అది ఓస్లో ఆసుపత్రికి చేరి, అచటి గోడపై దశాబ్దములు వ్రేలాడి, 2025 మార్చిలో న్యూయార్కు క్రిస్టీస్ వేలమున దాదాపు 1.38 కోట్ల డాలర్లు పలికెను. ఇట్లు నడక తెలిసియుండుటచే ఆ బొమ్మ అసలుతనమును శంకించుటకు చోటు లేకపోయినది. దాని పొడవు దాదాపు 14 అడుగులు. భిలాయి సెక్టారు క్వార్టరులో దానికై కిటికీని త్యాగము చేయవలెను. అందుకే పద్యమున గోడకు అగ్రాసనము.

రెండు: అమెరికాలోని మనవారు కొనునప్పుడు నడక మఱింత ముఖ్యము. రవివర్మ, అమృతా షేర్‌గిల్, జామినీ రాయ్, నందలాల్ బోస్ మొదలగు తొమ్మండుగురి కృతులు 1972 నాటి చట్టము క్రింద కళానిధులు. దేశములో అమ్మవచ్చును, కొనవచ్చును. ఎగుమతి మాత్రము నిషిద్ధము. ఈ సంగతి డబ్బు కట్టక ముందు చెప్పువాడు సలహాదారు. కట్టిన తరువాత చెప్పువాడు బంధువు.

మూడు: ఆక్షేపము. కొన్నచో గదా కమిషను, వలదన్నచో భుక్తి యెట్లు? సమాధానము. కొన్న వెలలో శాతము తీసికొనువారు కొందరు, ఏడాదికింతయని నిర్ణీత రుసుము తీసికొనువారు కొందరు, లోపాయికారిగా గాలరీ నుండి కూడ పుచ్చుకొనువారు కొందరు. "నీకు డబ్బిచ్చేది ఎవరు బాబూ?" అన్నదే కొనువాడు అడుగవలసిన తొలి ప్రశ్న. చివరి తెగవాడు వలదను మాటను మఱచిపోవును. ఈ ఘట్టము వినగానే పెద్దాయన ముఖము వెలిగినది. 260 మీటర్ల పట్టాను అల్ట్రాసోనిక్ పరీక్షలో నిలువనిదే మిల్లు దాటనీయని వంశమాయనది! "రిజెక్ట్ చేసే ఉద్యోగమా! ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా" అనెను.

నాలుగు: ఈ విద్యకు ఢిల్లీ పోనక్కరలేదు. భిలాయి సివిక్ సెంటర్‌లోని నెహ్రూ ఆర్ట్ గాలరీలో కన్నును సాధన చేయించి, బస్తరు డోక్రా లోహపు గుఱ్ఱముపై దానిని ప్రయోగింపవచ్చును. మైనపు బొమ్మపై మట్టి పొదిగి, మైనము కరిగి ఖాళీయైన చోట కరిగిన లోహము పోసి, పిదప మట్టిమూసను పగులగొట్టుదురు. కనుక ఒకదానిని పోలినది మఱొకటి ఉండదు. కొండగాఁవ్‌కు చెందిన జయదేవ్ బఘేల్ వంటి మేటి పనివారి పేరు లోకమునకు తెలిసినను, దుకాణపు రసీదులో సామాన్యముగా కనబడునది 'బస్తర్ ఆర్ట్, ఒకటి' అను రెండు ముక్కలే. చేసినవారి పేరు, ఊరు, సంవత్సరము ఆ రసీదుపై వ్రాయించుకొనుడు. దుకాణదారుడు విసుగుకొనును, విసుగుకొననిండు. గుఱ్ఱము మొదటి నడక అదియే.

ఫలశ్రుతి

ఈ టీకను చదివి కొనుట మానినవారికి సొమ్ము దక్కును. చదివి కొన్నవారికి బొమ్మయు రసీదును దక్కును. చదువక కొన్నవారికి బొమ్మ దక్కును, అది ఎవరిదన్న ప్రశ్న వారి పిల్లలకు దక్కును.