ద్రాక్షాపాకంలో ఒక ఆటవెలది: టీకా తాత్పర్యసహితం

మూలము

బండి యిల్లు గాగ బారొసా చేరిన
చక్రి చవిని జూచి చప్పరించి
మ్రింగ లేక యుమిసి మిగిలిన వారికిఁ
దోట దాటు దాకఁ దోడు నిలుచు.

అవతారిక

మెల్‌బోర్న్‌లో కాపురముంటున్న ఒక తెలుగు కుటుంబం సెలవుల్లో క్యాంపర్‌వాన్ అద్దెకు తీసుకుని, మిల్డూరా మీదుగా సౌత్ ఆస్ట్రేలియాలోని బరోసా లోయకు వైన్ తోటలు చూడబోయిన సందర్భంలోనిది ఈ పద్యం. బండిలో నలుగురు: నడిపే బావగారు, ఆయన భార్య, బావమరిది, బావమరిది భార్య. కవి ఈ నలుగురిలో ఒకరని రూఢి. ఎవరన్నది చివర విచారిస్తాను.

టీక

బండి యిల్లు గాగన్ = వాహనమే గృహము కాగా. ఇక్కడ బండి యనగా పొయ్యి, ఫ్రిజ్, మడత మంచం, అరచేయంత సింకు, ఖాళీ చేయడానికి ఎవరూ ముందుకు రాని మరుగుదొడ్డి పెట్టె గలది. ఇల్లనడం అతిశయోక్తి అని కొందరు. కాదు, స్వభావోక్తే. ఇంటి చాకిరీ యావత్తూ ఇందులో ఉంది. ఆ పెట్టె ఖాళీ చేసే డంప్ పాయింట్ వెతుక్కుంటూ ఊరూరా తిరగడం అదనం. ఈ విషయమై పూర్వ వ్యాఖ్యాతల సాయం దొరకదు. మేఘదూతానికి అంత వ్యాఖ్య రాసిన మల్లినాథసూరికి కూడా మేఘుడి దారిలో డంప్ పాయింట్ తగల్లేదు.

బండే ఇల్లయినప్పుడు వంటిల్లు కూడా సరిహద్దు దాటాలి. చిక్కంతా అక్కడ. రెన్‌మార్క్ ఊరు ఇంకా రాకముందే యాంబా దగ్గర క్వారంటీన్ కేంద్రం ఉంది. పండుఈగ రాష్ట్రంలోకి రాకూడదని అక్కడ ప్రతి బండినీ ఆపుతారు. టమాటాలు, పచ్చిమిరపకాయలు, మామిడిపండ్లు, ఆఖరికి ద్రాక్షపండ్లు కూడా వదులుకోవాలి. ద్రాక్ష రాజ్యంలోకి ద్రాక్షపండుకు ప్రవేశం లేకపోవడం విరోధాభాసం. వండిన పప్పుకూ జాడీలోని ఆవకాయకూ అభ్యంతరం లేదు గనుక, తెలిసినవారు మిల్డూరాలోనే ఉన్న టమాటాలన్నీ పప్పులో వేసేస్తారు.

బారొసా = బరోసా అను లోయను. అడిలైడ్‌కు ఈశాన్యంగా గంట దాటిన ప్రయాణం. అక్కడివారు పలికే "బరోసా" యగణమవుతుంది. యగణానికి ఆటవెలదిలో చోటు లేదు. కవి మొదటి అక్షరాన్ని సాగదీసి, రెండోదాన్ని కుదించి రగణం చేసుకున్నాడు. తప్పు పట్టనక్కరలేదు. ఆ లోయ పేరే ఒక లేఖక దోషం. 1811లో స్పెయిన్‌లో జరిగిన బర్రోసా యుద్ధం పేరును 1837లో కర్నల్ విలియం లైట్ ఇక్కడి కొండలకు పెట్టాడు. రాతలో అక్షరాలు తారుమారై, తప్పే స్థిరపడింది. "భరోసా" అని చదివే పాఠాంతరం మాత్రం అగ్రాహ్యం. 1980ల నడుమ ధరలు పడిపోయినప్పుడు, పాత తీగలు పీకేసిన రైతులకు ప్రభుత్వమే డబ్బిచ్చిన లోయ ఇది. భరోసాలన్నిటిలోకీ తలకిందుల భరోసా! నూరేళ్ళు కాసిన తీగలు కూడా కట్టెలపాలయ్యాయి. 1843లో నాటిన షిరాజ్ తీగలు కొన్ని మాత్రం బతికి బట్టకట్టి నేటికీ కాస్తున్నాయి.

చక్రి = చక్రము ధరించినవాడు. విష్ణువని తొందరపడరాదు; ఈయన చేతిలోది స్టీరింగు. సౌత్ ఆస్ట్రేలియాలో పూర్తి లైసెన్సు ఉన్నవాడి రక్తంలో ఆల్కహాల్ 0.05 శాతం లోపు ఉండాలి, నేర్చుకునేవాడికైతే సున్నా. వైనరీ కౌంటర్ మీద రుచికి పోసేది సుమారు 30 మిల్లీలీటర్లు. చూడటానికి తీర్థమంతే. నాలుగు రకాలు తాగితే 120. బరోసా షిరాజ్ బలం 14 శాతానికి అటూ ఇటూ ఉంటుంది, అక్కడి లెక్కలో ఒక పానీయమంటే పది గ్రాముల ఆల్కహాల్. ఒక్క గుమ్మం దాటేసరికి ఒక పానీయం పైచిలుకు లోపలికి పోయిందన్నమాట. మధ్యాహ్నానికి మూడు గుమ్మాలు ఎక్కి దిగితే ఇల్లనే బండిచేత రోడ్డు పక్కనే కాపురం పెట్టించవలసి వస్తుంది.

మ్రింగ లేక యుమిసి = గుటకవేయలేక, తమ్మపడిగలో వదలి. పద్యానికి ప్రాణం ఈ పదాలే. మన ఇళ్ళలో పెట్టింది ఉమ్మితే పెట్టినవారికి అవమానం. అక్కడ ఉమ్మితే కౌంటర్ వెనక మనిషి కళ్ళలో గౌరవం కనబడుతుంది, పనితెలిసినవాడని. వైన్ చేసేవారు రోజంతా చేసే పని ఇదే. రుచిలో సింహభాగం వాసనది. నోట్లో కాసేపు తిప్పుతుంటే ఆ వాసన వెనక నుంచి ముక్కుకెక్కుతుంది. గొంతు దిగాక మిగిలేది మత్తు. అంటే చక్రి పోగొట్టుకున్నది బహు స్వల్పం. మూడో వైనరీలో మిగతా ముగ్గురూ ప్రతి గ్లాసుకూ "బావుంది" అనే స్థితికి చేరుకుంటారు. గ్రెనాష్‌కీ మటారోకీ, అంటే ఆ రెండు ద్రాక్ష రకాలకీ, తేడా అడుగుతున్నది చక్రి ఒక్కడే. సైలీసియా నుంచి మత స్వేచ్ఛ కోసం ఓడలెక్కి వచ్చిన లూథరన్లు 1842లో బెథనీ గ్రామం కట్టిన కథ విన్నవాడూ అతడే. తిరిగొచ్చాక ఫోటోలు చూపించి మిగిలిన ముగ్గురికీ వాళ్ళు ఎక్కడెక్కడ తిరిగారో చెప్పవలసినవాడూ అతడే.

ఉత్సర్గమున్న చోట అపవాదం ఉండాలి. సెపెల్ట్స్‌ఫీల్డ్‌ వైనరీలో 1878 మొదలు ఏటా ఒక పీపా తియ్యని టానీ వైన్ పక్కన పెట్టి, నూరేళ్ళు నిండితే గాని సీసాలకెత్తకుండా కాచుకొస్తున్నారు. తగిన రుసుము చెల్లిస్తే మన పుట్టిన సంవత్సరపు పీపా నుంచి ఒక బొట్టు రుచి చూపిస్తారు. తన జన్మసంవత్సరాన్ని తమ్మపడిగలో ఉమ్మమని ఏ ధర్మశాస్త్రమూ చెప్పదు. అక్కడ చక్రి మింగాడు. కవి ఈ సంగతి దాచాడు.

తోట దాటు దాకన్ = ద్రాక్షతోటల సీమ దాటువరకు. దాటడమంటే తీగల మధ్య నడిచి దాటడం అనుకుంటే ప్రమాదం. ఫిలోక్సెరా అనే కంటికి ఆనీ ఆనని పురుగు వేళ్ళను పట్టి పందొమ్మిదో శతాబ్దంలో ఐరోపా తోటలను తుడిచిపెట్టింది. విక్టోరియాలో 1877లో బయటపడింది. సౌత్ ఆస్ట్రేలియాలో అడుగు పెట్టలేదు. 1899లోనే దానికోసం చట్టం చేసుకున్నారు. అంత పాత తీగలు అక్కడ సొంత వేళ్ళ మీద నిలిచి ఉన్నాయంటే కారణమిదే. పురుగు ప్రయాణం చేసేది చెప్పుల మట్టిలో, బండి చక్రాల మట్టిలో. మన చక్రి వచ్చిందీ విక్టోరియా నుంచే! కాబట్టి తోటను గట్టు మీద నుంచే చూడాలి. తీగల నడుమ చీర కొంగు ఎగరేసి ఫోటో దిగాలన్న బావమరిది భార్య కోరిక తీరలేదు. అందుకు ఆమె ఇప్పటికీ చక్రినే తప్పు పడుతుంది.

తోడు నిలుచున్ = తోడుగా నుండును. స్పష్టం.

తాత్పర్యము

నడిపేవాడు తాగకూడదు, చవి చూసి ఉమ్మి, తాగినవారిని క్షేమంగా క్యారవాన్ పార్కుకు చేర్చాలి.

విశేషాంశము

"దాక" అన్నది హద్దు. తోట దాటి, టనుండా ఊళ్ళో బండి నిలిపి, కరెంటు తీగ తగిలించి, తాళంచెవి భార్య చేతిలో పెట్టాక ఈ పద్యానికి అధికారం లేదు. అప్పుడు చక్రి కొనితెచ్చిన రీస్లింగ్ వైన్ సీసా మూత తిప్పుకోవచ్చు. బిరడా తీసే మర తెచ్చుకోలేదని బెంగ అక్కరలేదు. పక్కనున్న క్లేర్ లోయ రీస్లింగ్ తయారీదారులు కొందరు 2000లో కూడబలుక్కుని బిరడాలు మాని తిప్పుడు మూతలకు మళ్ళారు. తరవాత దేశమంతా ఆ దారే పట్టింది.

ఇక కర్తృత్వం. చక్రే రాసుకున్నాడని ఒక వాదం. నిలవదు. తన ఇష్టంతో ఉమ్మినవాడు "మ్రింగక" అంటాడు గాని "మ్రింగ లేక" అని తనమీద తాను జాలిపడడు. ఆ జాలి వెనక సీట్లోది. భార్య రాసిందా? ఆవిడైతే యాంబాలో పోయిన మామిడిపండ్ల ప్రస్తావన లేకుండా నాలుగు పాదాలు పూర్తి చేసేది కాదు. బావమరిది భార్యయితే తీగల నడుమ ఫోటో సంగతి లేకుండా ఉండదు. మిగిలినవాడు బావమరిది. "మిగిలిన వారికి" అనడంలో తనను తాను ఎంత తేలిగ్గా దూర్చుకున్నాడో చూడండి. యతి ఎక్కడా తప్పలేదు కాబట్టి మొదటి వైనరీలోనే రాసి ఉంటాడు.