ఇల్లు పిల్లిది, మారాల్సింది మొక్కలే

పిల్లి ఉన్న ఇంట్లో మొక్కలు పెంచడం ఎలా అని ఎవరినడిగినా ఒకటే చెబుతారు. కుండీ ఎత్తున పెట్టండి, పిల్లి ఆకు ముట్టుకుంటే గట్టిగా కసరండి, నాలుగు రోజుల్లో అదే దారికొస్తుంది అని. ఆ మాట వినకండి. పిల్లిని ఏమీ అనకండి, మొక్కల్ని ఖాళీ చేయించండి. పిల్లి కొరకకూడని ఆకు ఇంట్లో ఒక్కటి కూడా మిగలకూడదు. హాలు బోసిపోతుందని, అత్తగారు ఏమంటారోనని ఆగకండి.

మొదట పోవాల్సింది లిల్లీ. బొకేల్లో గులాబీల మధ్య పెద్దగా విచ్చుకుని ఉంటుందే, అది. లోపల ఆరు కేసరాలు, కొనల మీద ఇటుకరంగు పుప్పొడి. చొక్కాకు అంటితే ఉతికినా ఒక పట్టాన వదలదు. పక్క నుంచి రాసుకుంటూ పోయిన పిల్లి వీపు మీద ఆ పుప్పొడి రాలుతుంది. కాసేపటికి పిల్లి తీరిగ్గా కూర్చుని ఒళ్లంతా నాక్కుంటుంది, పుప్పొడి కడుపులోకి పోతుంది. ఆకూ, పువ్వూ, కాడా, ఆఖరికి ఫ్లవర్‌వాజ్‌లో నీళ్లు కూడా పిల్లి కిడ్నీలను దెబ్బతీస్తాయి. కుక్క తింటే కిడ్నీలు ఇలా పాడవవు, పిల్లికే ఆ గండం. మొదట ఒకటి రెండు వాంతులవుతాయి, చొంగ కారుతుంది, తిండి మానేసి ఓ మూల పడుకుంటుంది. వాంతులు ఆగాక తేరుకున్నట్టే కనిపిస్తుంది. గండం గడిచిందని మనం ఊరట పడే వేళకు కిడ్నీలు దెబ్బతింటూ ఉంటాయి. ఒకటి నుంచి మూడు రోజుల్లో మూత్రం ఆగిపోతుంది.

కాబట్టి గృహప్రవేశానికి బొకే తెచ్చింది మీ మేనేజరైనా సరే, గుమ్మం దగ్గరే ఆపేయండి. "మా ఇంట్లో పిల్లి ఉందండీ, ఈ పువ్వు లోపలికి రాకూడదు" అని చెప్పి పువ్వుల్ని వెనక్కి పంపండి, మనిషిని లోపలికి పిలవండి. నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి. తోటల్లో పెంచే డే లిల్లీకీ ఇదే నియమం. దండల్లో గుచ్చే లిల్లీ పూలు, అంటే నేలసంపెంగలు, ఈ కోవలోవి కావు. దేవుడి పటానికి నిశ్చింతగా వేసుకోండి.

ఇక మనీ ప్లాంట్. దీని జోలికొస్తే ఇంట్లో పెద్దవాళ్లు ఊరుకోరు. తీగ పాకితే డబ్బు నిలుస్తుందంటారు, తీసేస్తే లక్ష్మి పోతుందంటారు. అయినా తీసేయండి. ఆ ఆకులో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు కంటికి కనపడని సూదుల్లా కట్టలు కట్టి ఉంటాయి. కొరకగానే నాలుకకూ చిగుళ్లకూ గుచ్చుకుంటాయి. పచ్చి కంద తరిగేటప్పుడు చేతులకు పట్టే దురద కూడా ఈ సూదుల పనే. ప్రాణం మీదికి రావడం అరుదు గానీ, పిల్లి నోరు వాచి, చొంగ కారుతూ, గిన్నెలో అన్నం ముందు కూర్చుని కూడా తినలేక చూస్తూ ఉండిపోతుంది. డైఫెన్‌బాకియా, మాన్‌స్టెరా, సింగోనియం, పేరులో లిల్లీ ఉన్న పీస్ లిల్లీ, అన్నీ ఆ కుటుంబానివే. వాటిని పిల్లి లేని ఇంటికి ఇచ్చేయండి. ఫ్రిజ్ మీద పెడితే సరిపోతుందని మాత్రం అనుకోకండి. పిల్లికి ఫ్రిజ్ ఎత్తు ఒక లెక్క కాదు, పైగా ఆకులు ఎండి కిందికే రాలతాయి. ముఖానికి రాసుకోవడానికి పెంచే కలబంద కూడా ఉండకూడదు. దాని పసుపు పాలతో పిల్లికి వాంతులూ విరేచనాలూ పట్టుకుంటాయి.

మీ గుమ్మం దాటి అపార్ట్‌మెంట్ వరండా కూడా ఓసారి చూడండి. చిన్న తాటిచెట్టులా గుబురుగా కనిపించే సాగో పామ్‌ను అందం కోసం లిఫ్ట్ పక్కనే పెడుతుంటారు. దాని ప్రతి భాగమూ విషమే, గింజ మరీను. లివర్‌ను తినేస్తుంది. అసోసియేషన్ మీటింగ్‌లో లేచి దాన్ని తీయించమని అడగండి. మెయింటెనెన్స్ లెక్కల మధ్య పిల్లి గొడవేంటని విసుక్కుంటారు, అయినా కూర్చోకండి. అదే ఊపులో గేటు దగ్గరి గన్నేరు మాట కూడా తేల్చేయండి, అది గుండెను పట్టే విషం.

ఇంత చేసినా ఎక్కడో కొరికొచ్చిందనుకోండి. ఉప్పునీళ్లు పట్టించి కక్కించకండి, అది ఇంకో విషం. నలతగా ఉందని మనం వేసుకునే పారాసిటమాల్ వేయకండి, పిల్లి ప్రాణం తీయడానికి ఒక్క మాత్ర చాలు. కొరికిన ఆకు ముక్కను కవర్లో వేసుకుని, పిల్లిని బుట్టలో పెట్టుకుని, అర్ధరాత్రయినా పశువైద్యుడి దగ్గరికి బయల్దేరండి. లక్షణాలు కనపడాలని ఆగకండి. లిల్లీ విషయంలో వేళే ప్రాణం: 18 గంటల లోపు సెలైన్ మొదలైతే కోలుకునే అవకాశం బాగా ఉంటుంది, దాటితే కిడ్నీలను వెనక్కి తెచ్చుకోవడం కష్టం. రేపు పొద్దున తీసుకురమ్మని ఫోన్‌లో ఎవరైనా అంటే ఇంకో ఆస్పత్రికి ఫోన్ చేయండి.

ఖాళీ అయిన చోట ఏం పెట్టాలంటారా? అరెకా పామ్, స్పైడర్ ప్లాంట్, మందారం, గులాబీ, మల్లె. కడియం నుంచి వచ్చే నర్సరీ లారీల్లో ఇవి ఎప్పుడూ ఉంటాయి. అన్నిటికంటే ముందు పిల్లికంటూ ఒక కుండీ కేటాయించండి, కిటికీలో ఎండ తగిలే చోటే. గుప్పెడు గోధుమలు రాత్రి నానబెట్టి, పొద్దున మట్టి మీద చల్లి, పైన పలచగా మట్టి కప్పి తడి ఆరకుండా చూడండి. వారం పది రోజుల్లో బెత్తెడు గడ్డి లేస్తుంది. దాన్ని ఎంత కొరికినా కసరకండి. అది కొరుకుతుండగానే రెండో కుండీలో గోధుమలు చల్లేయండి.